గుండంలో ఏనుగు

నాకు పెళ్లయిన నెలకే, అరవై ఆరులో, పలాస నుంచి అత్తవారందరినీ మందస అడవిలో కొండ మీద పాడుబడ్డ గుళ్లు చూపిస్తానని బయల్దేరదీశాను. నేనూ ఆ కొండ ఎక్కడం అదే మొదలు. అయినా గైడుని నేనే! ప్రతి రాయికీ ఒక రాజుని పుట్టించాను.

గుళ్ల కింద గుహలో నీటిగుండం ఉంది. "ఇందులో మునిగిపోయిన పట్టపుటేనుగు, దిగినవాళ్ల కాలు తొండంతో పట్టేస్తాది" అని బెదిరించి, ఈత రాకపోయినా దర్జాగా దిగాను. నాలుగడుగుల్లో కాలు రాళ్ల సందున ఇరుక్కుంది. నీళ్లు నోట్లోకొస్తున్నాయి.

"మావయ్యా, కాలు పట్టేసింది!"

"ఏటల్లుడూ, ఏనుగేనేటి?" అని మావగారు పడీపడీ నవ్వారు. అందరూ నవ్వారు.

అప్పటిదాకా పెద్దల ముందు నోరు విప్పని నా కొత్త పెళ్లాం గట్టిగా అరిచింది. "నాన్నా! కథ సెప్పినప్పుడు ఈయన కళ్లు నవ్వుతాయి. ఇప్పుడు నవ్వట్నేదు, సూడు!"

చీర బిగించి దూకేసింది. ఉద్దానం తోటబావిలో ఈత నేర్చిన పిల్ల. మునిగి, నా కాలు విడిపించి, జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగింది.

బతికినందుకు సంతోషించాలో, నెలకే అంతలా దొరికిపోయినందుకు భయపడాలో ఆరోజు తేలలేదు. ఇప్పటికీ ఆవిడకి కథ చెప్పాలంటే అటు తిరిగే చెబుతాను.