లక్ష్మీరాజం మూసిన కంతలు

కంత కనబడితే లక్ష్మీరాజం ఆగలేడు. గోడకు కంత, తలుపుకు కంత, చాటకు కంత, ఆఖరికి ఎదుటి మనిషి బనీనుకు కంత ఉన్నా సరే. ముందు అందులో చూపుడువేలు పెట్టి చూస్తాడు, తర్వాత భుజం మీది సంచి దించుతాడు. ఎల్లారెడ్డిలో ఆయనది వెల్డింగు దుకాణం. మస్కట్‌లో పదకొండేండ్లు ఇనుము అతికి వచ్చిన మనిషి. ఒకసారి బస్సులో పోతుంటే కాళ్ల కింద రేకుకు కంత కనబడిందట. తన తువ్వాల అందులో కుక్కి, అది జారిపోకుండా తాడ్వాయి నుంచి కామారెడ్డి దాకా దాని మీదే నిలబడి పోయాడు. పక్కన సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

ఆయన సంగతి యాదవ్వకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఊరి చివర, చెరుకు తోటను ఆనుకొని ఉన్న ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది. బీడీలు చేస్తుంది. భర్త పోయి తొమ్మిదేండ్లయింది. ఆ తొమ్మిదేండ్లుగా లక్ష్మీరాజం రెండు మూడు రోజులకోసారి సంచితో దిగుతూనే ఉన్నాడు.

"చెల్లే, మొన్న చూరు కింద ఒక కంత చూసిన."

"అది పిచ్చుక కంత అన్నా. ఉండనియ్యి."

"పిచ్చుక పోతే ఎలుక వస్తది."

"ఎలుక పోతే?"

"పాము వస్తది."

"పాము పోతే నువ్వొస్తవ్," అని యాదవ్వ తునికాకు కత్తిరించుకుంటూ కూర్చునేది. ఆయన నవ్వడు. నిచ్చెన వేస్తాడు.

ఆ కార్తీకంలో యాదవ్వ బిడ్డ సుష్మిత ఒక చిన్న కుక్కను సంచిలో పెట్టుకొని బస్సు దిగింది. కామారెడ్డిలో చీరల దుకాణంలో పని ఆమెది. అద్దె ఇంటామె కుక్కను ఉండనివ్వనన్నదట. సోలెడంత కుక్క, వేయించిన శనగపప్పు రంగు. పుట్నాలు అని పేరు పెట్టారు. తల్లి కొంగు పట్టుకొని సుష్మిత, "అమ్మా, దీన్ని పానం లెక్క చూసుకో," అని చెప్పి తిరుగు బస్సెక్కింది.

పుట్నాలు వచ్చిన నాలుగో రోజు నుంచి వాడకట్టులో కుక్కలు మొరగడం మానేశాయి.

ముందు ఎవరికీ తెలియలేదు. లేని చప్పుడు ఎవరికి వినబడుతుంది? పొద్దు వాలగానే కుక్కలన్నీ తోకలు ముడుచుకొని బస్టాండు వైపు నడిచిపోయేవి. కోళ్లు గూట్లోకి పోకుండా ఇంటి కప్పెక్కి కూర్చునేవి. గాలి లేకున్నా చెరుకు తోట కదిలేది. తోటంతా కాదు, ఒక్క వరుసే. ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా కదిలి, యాదవ్వ పెరటిగోడ వెనక ఆగిపోయేది.

పుట్నాలు మొరిగేది కాదు. పెరట్లో నిలబడి ఆ గోడనే చూసేది. వీపు మీది బొచ్చంతా నిక్కేది. యాదవ్వ అది చూసిన చోటే చూసేది. గోడ తప్ప ఏమీ లేదు. ఒకనాటి పొద్దున మాత్రం గోడ మీద తడిమట్టి అచ్చు కనబడింది. నాలుగు గుండ్రటి వేళ్లు, కింద పెద్ద అరచెయ్యి. గోరు గుర్తు లేదు.

"దయ్యం చెయ్యి," అన్నది పక్కింటి హన్మవ్వ. "కుక్కలకే కనబడ్తది."

మరునాడు పట్టపగలు హన్మవ్వ మేకపిల్ల మాయమైంది. గుంజకు కట్టిన తాడు అట్లాగే ఉంది. మెడకు వేసిన ముడి కూడా విప్పినట్టు లేదు. తాడులో మెడ లేదు, అంతే.

ఫారెస్టోళ్లు వచ్చి అచ్చులు చూసి, చిరుత అని తేల్చారు. రెండు రోజుల్లో బోను తెస్తామనీ అప్పటిదాకా చిన్న జీవాలను బయట వదలొద్దనీ చెప్పి వెళ్లారు. కానీ పుట్నాలుకు ఇంట్లో ఒంటికి పోయే అలవాటు లేదు. పొద్దున్నుంచి బిగబట్టుకొని, తలుపు గీరుకుంటూ, పసిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. యాదవ్వ కట్టె పట్టుకొని దానితో పెరట్లోకి పోయింది. గోడవతల ఏదో గట్టిగా ముక్కుతో గాలి పీల్చింది. కట్టె పారేసి కుక్కను చంకనేసుకొని లోపలికి ఉరికింది.

ఆ మధ్యాహ్నమే లక్ష్మీరాజం ట్రాలీ ఆటో నిండా ఇనుప జాలీ తెచ్చి దించాడు.

"కుక్కకు పందిరేస్త చెల్లే. అటు ఎండల తిరుగుతది, ఇటు నువ్వు నిమ్మళంగ బీడీలు చేసుకుంటవ్."

వేశాడు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఛాతీ దాకా ఎత్తు. జాలీ కంతల్లో తన వేలు పట్టలేదు. యాదవ్వ చిటికెనవేలు పట్టబోతే, "ఆగు" అని ఇంకో పొర జాలీ కట్టాడు. పైన కూడా జాలీయే, నీడకు సగం రేకు. చుట్టూ మూరెడు లోతు తవ్వి, జాలీని మట్టిలోకి దించి బయటికి వంచి పూడ్చాడు.

"మట్టిల ఎందుకన్నా?"

"తవ్వేటియి ఉంటయ్."

తలుపుకు బయటొక గొళ్లెం, లోపలొక గొళ్లెం పెట్టాడు. యాదవ్వకు నవ్వాగలేదు. "కుక్క లోపటికెంచి గొళ్లెం పెట్టుకుంటదా?"

"దాని ఇష్టం. మనం పెట్టియ్యాలె గద."

పొద్దు వాలుతుండగా పని అయిపోయింది. ఎక్కడైనా సందు మిగిలిందేమో చూస్తానని లక్ష్మీరాజం వంగి లోపలికి పోయాడు. వెంట పుట్నాలు పోయింది. కంత కంతకూ వేలు ఆనించి చూస్తున్నాడు. బయట యాదవ్వ, "ఇది కుక్కకా పులికా అన్నా," అనబోయింది. పులి అన్న మాట నోట్లోనే ఆగింది.

కప్పు మీది కోళ్లన్నీ ఒకేసారి మెడలు తిప్పాయి. చెరుకు తోటలో ఒక్క వరుస కదిలింది. గోడ వెనక ఆగింది. గోడ మీదికి చప్పుడు లేకుండా ఒక తల లేచింది.

"చెల్లే," అన్నాడు లక్ష్మీరాజం, ఎంత మెల్లగా అంటే ఆ పిలుపు లోపలికే పోయినట్టుంది. "ఉరకకు. నడిచి రా."

యాదవ్వ ఎట్లా నడిచిందో ఆమెకే తెలియదు. ఆమె లోపలికి దూరగానే గొళ్లెం పడింది. ఇద్దరు పెద్దమనుషులు మోకాళ్లు గడ్డాలకు ఆనించుకొని కూర్చున్నారు. మధ్యలో కుక్క.

చిరుత దిగింది. తొందర లేకుండా పందిరి చుట్టూ తిరిగింది. జాలీకి ముక్కు ఆనించింది. దాని ఊపిరి యాదవ్వ మోకాలికి వెచ్చగా తగిలింది. పంజాతో జాలీ అంచున మట్టి గీరింది. ఒకసారి, రెండుసార్లు. లోపల పూడ్చిన ఇనుము గోళ్లకు తగిలి కిర్రుమన్నది. అప్పుడది అక్కడే కూర్చొని వాళ్లను చూడసాగింది. అది బయట, వీళ్లు బోనులో.

"అన్నా, ఏదన్న మాట్లాడు. లేకుంటే నా పానం పోతది."

"ఏం మాట్లాడాలె?"

"మా ఇంట్ల కంతలు ఎన్నడో అయిపోయినయ్. మళ్ల మళ్ల ఎందుకొస్తవ్?"

ఆయనకు భయంలో అబద్ధం దొరకలేదు కావచ్చు.

"ఊకె వస్తే వాడకట్టు ఊకుంటదా చెల్లే? సంచి పట్టుకొని వస్తే ఎవ్వలేమనరు. నేను మస్కట్ల ఉన్నప్పుడు నా పెండ్లాం పద్మలత జరమొచ్చి మూడొద్దులు లేవలే. మొగోడు లేని ఇల్లని ఒక్కలు గడప తొక్కలే. నేను వచ్చినంక అనుకున్న, తిన్నరా, లేచిండ్రా అని అట్లాంటియి రోజో ఇల్లు చూసి రావాలె అని."

"హన్మవ్వ ఇల్లు గూడ అందుకేనా?"

"ఆఁ."

"మరి మూలింటి భూమక్క ఇల్లు? అది కొత్త స్లాబు ఇల్లు గద. కంత ఏడిది?"

"లేదు," అన్నాడు లక్ష్మీరాజం, తల వంచుకొని. "నేనే మేకుతోని ఒకటి పొడిచిన."

యాదవ్వకు నవ్వొచ్చింది. చిరుత ముందు, జానెడు దూరంలో, నోరు మూసుకున్నా ఆగని నవ్వు. కొంగు కుక్కుకున్నది, అయినా బయటపడింది. అది చూసి ఆయనకూ వచ్చింది. పందిరంతా గడగడ ఊగింది. పుట్నాలు వాళ్లిద్దరినీ చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు చించుకొని మొరిగింది. చిరుత చెవులు వెనక్కి పెట్టింది. ఇట్లాంటి ఎరను అది ఎక్కడా చూసి ఉండదు. లేచి, ఒక్క దూకులో గోడ దాటి, చెరుకులో కలిసిపోయింది.

మూడో నాడు ఫారెస్టోళ్ల బోనులో చిరుత పడింది. అడవిలో వదలడానికి తీసుకుపోయారు.

ఆదివారం పొద్దున లక్ష్మీరాజం యాదవ్వ ఇంటికి వచ్చాడు. వెంట పద్మలత ఉంది, చేతిలో సర్వపిండి గిన్నె. యాదవ్వే ఫోను చేసి, ఇద్దరూ రావాలని పిలిచింది. ఆయన భుజం మీద సంచి లేదు. కుర్చీలో కూర్చున్నాడు కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి తొడల మీద, ఒకసారి చంకల్లో పెట్టుకున్నాడు. వాకిట్లో నుంచి హన్మవ్వ, భూమక్క కూడా వచ్చి కూర్చున్నారు. యాదవ్వ అందరికీ చాయ్ పోసింది.

"ఇంకో కప్పు పొయ్యనా అన్నా?"

"పొయ్యి చెల్లే."

"ఇంట్ల సగం కప్పు తాగడు," అన్నది పద్మలత.

లక్ష్మీరాజం రెండో కప్పు కూడా తాగి, లేవాలని తోచక అట్లాగే కూర్చున్నాడు. లెమ్మని ఎవరూ అనలేదు.