వంతెన కాడ వచ్చిన జరం

మా చిన్నప్పుడు... ఒకనాడు బాపు ఎన్నడు లేంది జిలేబి తెచ్చి నా చేతిల పెట్టిండు. అన్నకు ఇయ్యలే. నాకొక్కదానికే. గంతే... నాకు షక్ మొదలైంది.

నాకు అనుమానం జర ఎక్కువే లెండి. బాపును కన్న మా అవ్వ పోలిక. పాలోడు పాలు పోస్తుంటే చెంబుల తొంగి చూసే మనిషి ఆమె.

రుద్రూర్ పక్కన మా ఊరు. చెరుకు కొట్టే దినాలు. మహారాష్ట్ర నుంచి సంభాజీ కాక ఎడ్లబండి కట్టుకొని వచ్చి మా దిక్కు చెరుకు మోసేటోడు. వాపసు పోయేటప్పుడు ఎడ్ల మేతకని చెరుకు ఆకు బండి నిండ నింపుకొని మంజీర దాటేటోడు. బాపుకు పానం దోస్తు. ఆ వారమంత ఇద్దరిది కొట్టం వెనుక ఒకటే గుసగుస... నేను పోతే మాట బంద్.

జిలేబి తిన్నంక బాపు చెప్పిండు. కాక వాళ్ళ శెనగ చేన్ల జింకలు పడుతున్నయట. నన్ను తోలుకపోయి వేట చూపిస్తడట. మా తాత గూడ బాపును నా అంత ఉన్నప్పుడే తీస్కపోయిండట. చెప్పుకుంట చెప్పుకుంట మురిసిపోయిండు. అబద్ధమెందుకు... నాకూ సంబురమైంది. బోధన్ అంగడికి గూడ తోలుకపోని బాపు ఏకంగ వేరే రాష్ట్రం అంటున్నడు!

కని... అన్న ఉండంగ నన్నెందుకు?

అనుమానం పెనుభూతం అంటరు గదా. నిద్ర పట్టలే. మా అవ్వకు గూడ పట్టలే. అటుక మీద ఉండాల్సిన తాత జింకల వల కనవడ్తలేదు. గిది మీ బాపు జమాన కాదు, జింకను పడ్తె జేలే అని కొడుకును నిలదీసింది. వల ఎలుకలు కొరికితే పారేసిన అన్నడు బాపు. అవ్వ నమ్మలే. నన్ను వంటింట్లకు పిలిచి, మీ బాపు ఏం చెప్పినా ఇను... కని కండ్లు తెరుసుకొని ఇను అన్నది.

బాపు మాత్రం నన్ను తయారు చేసుడు షురూ చేసిండు. ఎవలన్న అడిగితే మేనత్త ఇంటికి పోతున్నం అనాలె. మాకు ఆ దిక్కు మేనత్తే లేదు! ఇంకోటి... వంతెన కాడ చెక్‌పోస్టు వస్తే పండుకొని కండ్లు మూసుకోవాలె, జరమొచ్చినట్టు మూల్గాలె. వాకిట్ల మంచం మీద పండవెట్టి నేర్పించిండు. జర మెల్లగ మూల్గు బిడ్డ, పానం పోతున్నట్టు కాదు అనుకుంట దిద్దిండు.

ఒక పొద్దుగాల చెరుకు ఆకు మీద దుప్పటి పరిచి నన్ను పండవెట్టిండు. కాక ముందు కూసుండి ఎడ్లను తోలుతుండు, బాపు నా పక్కన. బండి కదిలినంక నా వీపుకు ఏందో ఒత్తుకుంటున్నది. మెల్లగ ఆకులకు చెయ్యి పెట్టి చూసిన. ముడి. దాని పక్కన ఇంకో ముడి... తాత వల.

గప్పుడు సమజైంది నాకు. అన్న అయితే చెక్‌పోస్టోళ్ళు దిగు, బండి చూడాలె అంటరు. జరమొచ్చిన ఆడివిల్లను ఎవలు లేపుతరు? జిలేబి, వేట, ఆ మురిపెం... అన్ని గా వల మీద కప్పిన దుప్పటే. ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. అన్నిటికంటే ఎక్కువ భయమైంది... బాపును పట్టుకపోతే?

వంతెన రానే వచ్చింది. జవాను బండి ఆపిండు. బాపు మేనత్త అన్నడు, జరమన్నడు. నేను బాపు నేర్పినట్టే మూల్గిన. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఎండకు కాలుతుండె కావచ్చు... పిల్లను ఎండల వేసుకొని పోతున్నవేందయ్యా అని బాపును గదిమి, తన సీసల నీళ్ళు నాకు తాపి పొమ్మన్నడు.

వంతెన దాటినంక బాపు నవ్వుకుంట నా చెంప తట్టిండు.

"లే బిడ్డ... పోయిండు."

నేను లేవలే.

కండ్లు తెరిస్తే జింకల కాడికి పోతం. తెరవకపోతే? ఇంకింత గట్టిగ మూల్గిన... ఈసారి పానం పోతున్నట్టే.

బాపు మొదట నవ్విండు. మల్ల పిలిచిండు. మల్ల పిలిచిండు. నవ్వు ఆగిపోయింది. కాక ఎడ్లను ఆపి, చేను కాడ నీడల పండవెడితే అదే తగ్గుతది, పోదాం పా అన్నడు. కండ్లు మూసుకున్న గదా... బాపు మొఖం ఎట్లుండెనో నేను చూడలే.

"బండి తిప్పు" అన్నడు.

వాపసు వస్తుంటే గా జవానే, ముందే దవాఖానకు పోవద్దా అని మల్లొకసారి తిట్టిండు బాపును. పడ్డడు పాపం.

ఇంటికాడ అవ్వ ఉరికొచ్చి నా నెత్తి పట్టి చూసింది. సల్లగున్నది గదరా అన్నది. బాపు నా దిక్కు చూడకుండ కాళ్ళు కడుక్కుంట, జరం తొవ్వల దిగిందవ్వా అన్నడు.

అంతే. మల్ల ఎన్నడు వేట మాట ఎత్తలే. ఆ వల మా పెరట్ల బీరతీగకు పందిరైంది.

ఆయనకు తెల్సా... తెల్వదా? పెండ్లయి పిల్లలు పుట్టినా నా షక్ పోలే. అడగనీకె నోరు రాలే.

ఇప్పుడు బాపు నిజామాబాద్‌ల నా కాడనే ఉంటడు. మొన్న చలికాలం ఆయన ఒళ్ళు కాలిపోతుంటే నెత్తి మీద చెయ్యి పెట్టిన. ఒక కన్ను తెరిచి నన్ను చూసిండు.

"నాది నిజం జరమే బిడ్డ" అన్నడు.

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే నాకు...

గిప్పుడు మంజీర వంతెన మీద గసొంటి ఎడ్లబండ్లు నాకు కనవడ్తలేవు. మా పిల్లగాడు బడి ఎగ్గొట్టనీకె జరమన్నడంటే నేను ముందు థర్మామీటర్ తీస్త. తెల్సి తెల్సి నమ్మే గుండె నాకు రాలే...

మీ దొంగ జరాన్ని నమ్మి బండి తిప్పిన మనిషి మీ ఇంట్ల ఎవలు? జర చెప్పుండ్రి...