గేర్‌బాక్సు ఊపిరి గొట్టం

బెంగళూరు వరద పనికి హూడి దగ్గర దిగేసరికి సోమవారం ఉదయం ఆరు నలభై. వాన ఆగలేదు. రెండు జీపులు, ఎనిమిది మంది. మాకు ఇచ్చిన బస ఒక కల్యాణ మండపం. గేటు మీద ఎవరి పెళ్ళి పేర్లో థర్మోకోల్ అక్షరాల్లో ఇంకా ఉన్నాయి, సగం ఊడిపోయి. భోజనాల హాల్లో పడక. వెనక రేకుల షెడ్డులో నా వర్క్‌షాపు.

నా సామాను: స్పానర్ల పెట్టె ఒకటి. జాకీలు రెండు. గేరు ఆయిలు పది లీటర్లు. గ్రీజు డబ్బా. నోటుబుక్కు.

సైన్యంలో నాలుగేళ్ళు సర్వీసు చేశాను. పని వాహనాల మరమ్మతు. ఒక చలికాలం మంచు కొండల్లో ఉన్నాను, ఒక వేసవి ఎడారిలో. ఇప్పుడు ఎవరైనా అడిగితే వాటి గురించే అడుగుతారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం హూడిలో గడిపిన పదకొండు రోజులు. అక్కడికి బొమ్మనహళ్ళిలోని మా ఇల్లు ఇరవై కిలోమీటర్లు ఉండదు. ఒక్క పూట కూడా వెళ్ళలేదు.

మాకు అప్పగించింది నీళ్ళలో మునిగిన ఒక ఇళ్ళ లేఅవుట్. మెయిన్ రోడ్డు నుంచి చివరి ఇంటి దాకా ఆరు వందల మీటర్లు. మొదట్లో మోకాలి లోతు. మూడో క్రాస్ అనే అడ్డవీధి దగ్గర డెబ్భై సెంటీమీటర్లు. పడవలన్నీ వేరే దళం తీసుకుంది. పాలు, మందులు లోపలికి, మనుషులు బయటికి, అంతా జీపులోనే.

ఈ పని కోసమే ముందుగా జీపులకు బలమైన కొత్త స్ప్రింగు కమాన్లు వేసి, మూడు అంగుళాలు ఎత్తు పెంచారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ బండి లేచినప్పుడు గేర్‌బాక్సు దానితో పాటే లేస్తుంది, వెనక యాక్సిల్ కిందే ఉంటుంది. ఆ రెంటినీ కలిపే షాఫ్టు మరీ ఏటవాలుగా దిగుతుంది. అలాగే నడిపితే అదురు. అదురుకు గేర్‌బాక్సు వెనక సీలు చిరుగుతుంది, ఆయిలు కారిపోతుంది. అందుకని నేను గేర్‌బాక్సును మోసే అడ్డపట్టీ కింద అంగుళం మందం దిమ్మలు పెట్టి, దాన్ని కిందికి దించాను. షాఫ్టు వాలు ఏడు డిగ్రీల నుంచి నాలుగుకు వచ్చింది. మూడుసార్లు కొలిచాను. సంతోషంగా అనిపించింది.

తరువాత నోటుబుక్కులో రాసుకున్న లిస్టు చదువుతూ టిక్కులు పెట్టాను. దిమ్మల బోల్టులు, టిక్. సీలు, టిక్. ఊపిరి గొట్టం, టిక్. ఇది గేర్‌బాక్సు నెత్తిన ఉండే సన్నటి రబ్బరు గొట్టం. వేడెక్కినప్పుడు లోపలి గాలి దాని గుండా బయటికి పోతుంది, చల్లబడితే తిరిగి వస్తుంది. రెండో కొస పైన, బానెట్ కింద, నీళ్ళు అందని చోట బిగించి ఉంటుంది. చేత్తో తడిమాను. ఉంది. గేరు ఆయిలు తనిఖీ: ఆదివారం.

మంగళవారం మొదటి మనిషిని తెచ్చాం. మునిస్వామయ్య. డెబ్భై దాటినాయన. దారాలు, గుండీల దుకాణం నడిపేవాడు. మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఎనిమిదికి ఆయనకు డయాలసిస్. మా ఇంట్లో మాట్లాడే తెలుగే ఆయనదీ. నేను తాతా అన్నాను.

"ఏ ఊరప్పా నీది?"

"బొమ్మనహళ్ళి తాతా."

"అయ్యో, మన బెంగళూరోనివే! మిలిట్రీ అంటే యాడో దూరం నుంచి వస్తారనుకుంటి." జీపు పక్కన నీళ్ళు చూపించాడు. "ఇదంతా కెరె అప్పా, చెరువు. మా నాయన ఈడ ఎద్దుల్ని కడిగేటోడు. ఇప్పుడు నన్ను కడగతా ఉండాది."

డ్రైవర్ మదనపల్లె మనిషి. స్టీరింగ్ మీద వాలి నావైపు చూసి నవ్వాడు. "మిస్త్రీ, తాతకు సబ్బు ఇయ్యప్పా."

గురువారం ఆసుపత్రి కింది అంతస్తులోకి నీళ్ళు వచ్చాయి. మెషీన్లు ఆపేశారు. ఆయన్ని సగం దారి తెచ్చి వెనక్కి తీసుకుపోయాం. శనివారానికి వేరే ఆసుపత్రిలో చోటు దొరికింది. డాక్టరు ఫోన్‌లో మా దళనాయకుడు సుబేదార్ సాబ్‌కు ఒకటే మాట చెప్పింది: ఈసారి తప్పితే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

శుక్రవారం సాయంత్రం డ్రైవర్ షెడ్డుకు వచ్చాడు.

"మిస్త్రీ, రెండో గేరు మూలుగుతా ఉండాది."

"షాఫ్టు కోణం అయ్యుంటుంది. పొద్దున కొలుస్తా."

"కోణమో గీణమో నాకు తెల్దు. ఆయిలు ఒకసారి చూడరాదా?"

"ఆయిలు ఆదివారం. లిస్టులో ఉంది."

"నీ లిస్టుకు చెవుల్లేవప్పా," అని పోయాడు.

ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడ్డానికి పది నిమిషాలు పడుతుంది. అప్పటికి పదహారు గంటలుగా బూట్లు విప్పలేదు. అది కారణం కాదు. లిస్టులో లేదు కాబట్టి చూడలేదు.

శనివారం ఏడు ఇరవైకి ఆయన్ని ఎక్కించుకున్నాం. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నాడు. ఒళ్ళో ఆసుపత్రి ఫైలు. మూడో క్రాస్ దగ్గర, నీళ్ళు బాగా లోతున్న చోట, కిందనుంచి రాళ్ళు నలిగిన చప్పుడు. జీపు ఒక్క కుదుపు ఇచ్చి ఆగిపోయింది. డ్రైవర్ గేరు రాడ్డు లాగాడు, తోశాడు. కదల్లేదు. నావైపు చూశాడు.

వెనక సీట్లో ఉన్న రేడియో ఆపరేటర్ మాట్లాడాడు. "బేస్, గేర్‌బాక్సు పట్టేసింది. మూడో క్రాస్. పేషంటు లోపలే ఉన్నాడు. రెండో జీపు కావాలి. ఓవర్."

సుబేదార్ సాబ్ గొంతు. "రెండో జీపు దేవనహళ్ళి వైపు పోయింది. రావడానికి రెండు గంటలు. పేషంటు ఆగగలడా? ఓవర్."

ఆపరేటర్ తాత ముఖం చూశాడు. "ఆగలేడు. మోసుకొస్తాం. ఓవర్."

పక్క ఇంటి మేడ మీద నుంచి లుంగీ కట్టుకున్న ఒకాయన చూస్తున్నాడు. అడగకముందే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. కాలికొకరం, నలుగురం. తాతను కూర్చోబెట్టి కుర్చీని భుజాల మీదికి ఎత్తాం. మెయిన్ రోడ్డు మీద ఆగిన అంబులెన్సు దాకా మూడు వందల యాభై మీటర్లు.

నా చొక్కా జేబులోంచి నోటుబుక్కు సగం బయటికి వచ్చింది. నా రెండు చేతులూ కుర్చీకే. తాత పైనుంచి వంగి దాన్ని తీసుకున్నాడు.

"పడేయ్ తాతా, పరవాలేదు."

"రాసుకున్నావు కదప్పా," అన్నాడు. ఆ మాటకు రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

ఇరవై ఆరు నిమిషాలు. మ్యాన్‌హోల్ మూతలు ఎక్కడ లేచిపోయాయో తెలియదు. ముందున్న డ్రైవర్ కాలితో తడిమి, "సరే" అన్నాకే అడుగు వేశాం. అంబులెన్సు తలుపు దగ్గర ఆయన నోటుబుక్కు తిరిగి ఇచ్చాడు.

"ఒక్క చుక్క పడలేదు, చూసుకో."

మధ్యాహ్నం రెండు గంటలకు రేడియోలో కబురు వచ్చింది. మెషీన్ నుంచి దించారు. కాఫీ అడిగాడట. ఇవ్వలేదట.

జీపును తాళ్ళతో లాగి షెడ్డుకు చేర్చాం. ప్లగ్గు విప్పాను. పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిలు కారింది, నీళ్ళతో కలిసి. ఊపిరి గొట్టం ఊడి పక్కన వేలాడుతోంది. గేర్‌బాక్సును అంగుళం దించినప్పుడు గొట్టం అంగుళం బిగుసుకుంది. నేను చూసింది బండి ఆగి ఉన్నప్పుడు. మొదటి గేరులో బరువు లాగేటప్పుడు ఇంజను పక్కకు ఊగుతుంది, గేర్‌బాక్సూ ఊగుతుంది. ఆ ఊపుకు ఊడింది. వేడి గేర్‌బాక్సు చల్లటి నీళ్ళలో దిగిన ప్రతిసారీ కాస్త కాస్త నీళ్ళు మింగింది. ఎన్ని రోజులుగానో తెలియదు.

సుబేదార్ సాబ్‌కు చెప్పాను. డ్రైవర్ ముందే చెప్పాడని కూడా చెప్పాను. ఆయన వంగి గొట్టం కొస చూశాడు. "రెండో జీపుది ఇప్పుడే మార్చు," అన్నాడు. అంతే. మార్చాను. అరచెయ్యి పొడవు ఎక్కువ వదిలాను.

పదకొండో రోజు నీళ్ళు తగ్గిపోయాయి. సర్వీసు ముగిసింది ఆ ఏడాదే. భుజాన సంచితో సిటీ బస్సెక్కి బొమ్మనహళ్ళిలో దిగాను. ఇప్పుడు ఇక్కడే గ్యారేజీలో పని. ఆదివారాలు గుట్టలెక్కే కుర్రాళ్ళు జీపులు ఎత్తు పెంచుకుని వస్తారు. ఇంజను నడుపుతూ, బ్రేకు తొక్కించి, మొదటి గేరులో క్లచ్ సగం వదలమంటాను. దూరంగా నిలబడి టార్చి వేసి గొట్టం చూస్తాను. ఎందుకన్నా అంత చాదస్తం అంటారు. క్లచ్ ఇంకొంచెం వదలమంటాను.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. పేజీలు పొడిగా ఉన్నాయి. ఊపిరి గొట్టం పక్కన పెట్టిన టిక్ చెరగలేదు. దాన్ని ముట్టుకున్నప్పుడల్లా కళ్ళముందు అదే: కింద నీళ్ళు, పైన తెల్ల కుర్చీ. అందులో ఆయన, ఊపిరి అందక నోరు తెరిచి, ఒక చేత్తో ఫైలు, ఇంకో చేత్తో నా లిస్టు, రెండూ తడవకుండా తలకంటే ఎత్తులో పట్టుకుని.