అల్లుడు కడిగించిన ఇంజన్

మా నాయన లెక్కలో ట్రాక్టర్‌కు ఆయిల్ మార్చే రోజు ఏడాదికి ఒక్కటే, దసరా. ఆ పొద్దున బండిని వాగు దాకా తోలుకుపోయి కడుగుతారు. పాత ఆయిల్ దింపి కొత్తది పోస్తారు. బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, పైన ఇంత జమ్మి ఆకు. అంతే! మళ్లీ దసరా దాకా ఇంజన్ వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. మా ఒక్క ఇంటి సంగతే కాదు, మహారాష్ట్ర అంచున దెగ్లూర్ చుట్టూ ఉన్న మా తెలుగు ఊళ్లన్నిటా ఇదే పద్ధతి.

ఆ బండి నడిపేది నేను. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఎంత ఇష్టమో! అక్కకు పెళ్లయి నాందేడ్ వెళ్లిపోయింది. నాయనకు మోకాళ్లు పట్టేశాయి, క్లచ్ తొక్కడం ఆయనవల్ల కాలేదు. ఒకరోజు నేనే ఎక్కి కూర్చున్నాను. ఆడపిల్ల ట్రాక్టర్ తోలుతుందట అని నవ్వినవాళ్లే, మరుసటి ఏడు తమ చేను దున్నిపెట్టమని మా వాకిట్లోకి వచ్చారు. స్టీరింగ్ పట్టుకుని చేనులో చాలు తిప్పుతుంటే నా అంతటిది లేదు అనిపించేది.

నడిపేదాన్ని కాబట్టి దాని ఒంట్లో బాగుందో లేదో నాకే ముందు తెలుస్తుంది. కారుకు కిలోమీటర్లు చూస్తారు, ట్రాక్టర్‌కు గంటలు చూడాలి. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో ఎదురుగా మీటర్ చూపిస్తూనే ఉంటుంది. ఆ ఏడాది శనగ చేలు, వేసవి దుక్కులు, మట్టి తోలడం అన్నీ అయ్యేసరికి ఆయిల్ మార్చవలసిన గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఆయిల్ మట్టం చూసే కడ్డీ బయటికి లాగి చూస్తే ఆయిల్ తారులా ఉంది. వేళ్ల మధ్య రాస్తే గరగరమంది.

"నాయినా, ఆయిల్ మార్చుదాం. దీనికి దసరా తెల్వది, గంటలే తెలుసు" అన్నాను.

"నీకన్న ముందుగాల్ల మనింటికొచ్చింది ఆ బండి. ఎన్నడన్న అడిగిందా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక ఆ ఏడు ఇంకో గండం. మిరుగం ముంచుకొచ్చే వేళకు, అంటే మృగశిర కార్తెలో విత్తనాలు వేసే వేళకు, సరిగ్గా అధిక మాసం వచ్చి పడింది. "అధిక మాసంల ఇంజన్ విప్పుతరా ఎవలన్న? నెల ఎల్లనియ్యి" అన్నాడు నాయన. ఊరుకోకుండా నేను గొంతు పెంచాను. ఆయన ఇంకా పెంచాడు.

"బిలోలి దిక్కు ఒకాయన బండి అడుగుతుండు. ఈ మిరుగంల నడి చేన్ల ఒక్కపారి ఖరాబైందా, ఇచ్చేస్త. ఎడ్లను కొనుక్కుంట. నీ లొల్లి, దాని లొల్లి రెండు పోతయ్!"

ఎడ్లు వస్తే నాగలి పట్టేది కూలికి వచ్చే మగవాళ్లు. నేను పొయ్యి దగ్గరికే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే అక్కా బావా దిగారు. మాకు ఇటు మరాఠీవాళ్ల ఆచారం కూడా ఉంది. అధిక మాసాన్ని ధోండె నెల అంటాం. ఆ నెలలో అల్లుణ్ని పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, కాళ్లు కడిగి, పూర్ణం నింపి ఉడికించిన ధోండెలు పెడతారు. ఆ నెలంతా జావయ్, అంటే అల్లుడు, సాక్షాత్తు విష్ణుమూర్తి. ఆయన మాటకు ఎదురు చెప్పడం ఉండదు. మా విష్ణుమూర్తి నాందేడ్‌లో బండ్ల స్పేర్ పార్టులు అమ్మే కొట్లో కౌంటర్ దగ్గర ఉంటాడు. మాటలు కోటలు దాటతాయి. సంచిలోంచి చీర తీసి అమ్మకిచ్చాడు, ఒక సీసా తీసి నాకిచ్చాడు.

"ఏంది బావా గిది, అత్తరా?"

"అత్తర్ నీకెందుకు మరదలా, నీ మీదికెల్లి డీజిల్ వాసన పోతదా? ఇది ఇంజన్ ఫ్లష్. ఉత్తగ ఆయిల్ మారిస్తె ఏమొస్తది? కడుపుల మడ్డి కడుపులనే ఉంటది. ఇది పోసి జర్రసేపు ఇంజన్ తిప్పినవంటె అంత కరిగి బయటికొస్తది. మామా, మార్చుదామా?"

నాయన తల వెంటనే ఊగింది. "అల్లుడు చెప్పినంక ఇంకేముంది, కానియ్యుండ్రి."

నా ఒళ్లు మండిపోయింది! "నేనంటె అధిక మాసం అడ్డమొస్తది, ఆయనంటె మంచి ముహూర్తమైతదా?" అని ఎగిరాను. అమ్మ పరుగున వచ్చి నా నోరు మూసింది. "ధోండె నెలల జావయ్ మాట తీసేస్తరానే, ఊకో!" అక్క పక్కన నిలబడి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కోపం ఒకవైపు, ఎట్లాగో ఆయిల్ మారుతోంది కదా అన్న సంబరం ఒకవైపు. చివరికి సంబరమే గెలిచింది, నేనే పానా పట్టుకున్నాను.

పాత ఆయిల్‌లోనే ఫ్లష్ పోసి, బండిని నిలబెట్టి కాసేపు ఇంజన్ తిప్పి, కింద బోల్టు విప్పాం. అబ్బ, ఏం కంపు! నల్లటి ఆయిల్‌లో మడ్డి ముద్దలు ముద్దలుగా పడింది. "చూసినవా?" అని బావ మీసం దువ్వాడు. కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ పోశాం. తేనె రంగులో ఎంత అందంగా ఉందో! తాళం తిప్పగానే ఇంజన్ మెత్తగా మాట్లాడింది. నేను ఆనందం పట్టలేక బావ వీపు మీద ఒక్కటి చరిచాను. ఆయన చొక్కా మీద నా చేతి గుర్తు నల్లగా పడింది. ఇప్పటికీ అది పోలేదని అక్క దెప్పుతుంది.

ఆ సాయంత్రమే వాన కొట్టింది. మంచి వాన. ఒక ఎండ కాసేసరికి నేల పదునుకొచ్చింది. పిడికిట్లో పట్టి చూస్తే ముద్దవుతోంది, వదిలితే పొడవుతోంది. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అని ఊరికే అన్నారా! ఊరంతా చేలలోకి పరుగెత్తింది. నాయన, అక్క, బావ, నేను కూడా విత్తనాల యంత్రం తగిలించుకుని, సోయాబీన్ నింపుకుని బయలుదేరాం. మళ్లీ వాన పడిందంటే నల్లరేగడి బురదైపోతుంది, ఇక ఎప్పటికి ఆరుతుందో దేవుడికెరుక. పడమట అప్పటికే మబ్బు లేస్తోంది.

సగం చేను అయింది. నేను పాట పాడుకుంటున్నాను. కన్ను ఎందుకో మీటర్ల మీద పడింది. ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు పచ్చ గీత మీద ఉండవలసింది, ఎర్ర గీత దిక్కు జారిపోతోంది. నా చేయి నాకంటే ముందే కదిలింది. ఇంజన్ బంద్ చేసేశాను.

ఒక్కసారిగా అందరి అరుపులు. గట్టు మీదనుంచి నాయన, "ఏమైందే? ఎందుకు ఆపినవ్? మబ్బొస్తుంది, నడుపు!" యంత్రం వెనక విత్తనాలు చూస్తున్న బావ, "అరె, మీటర్ ఖరాబైంటది. నిన్ననే గద కొత్త ఆయిల్ పోసింది!" పక్క చేనులోంచి ఎవరో, "నడుపు నడుపు, ఇంక జర్రంతనే ఉంది!"

"నేను నడప!" అని అరిచాను. "ఆయిల్ పైకి ఎక్కక ఇంజన్ పట్టేసిందంటె మీరు నూకుతరా? ఎవలన్న మీదికొస్తె పానతోటి కొడత!"

నాయన కుంటుకుంటూ వచ్చాడు. ఆయన ముఖం చూస్తే ఏడుపొచ్చింది. నడి చేనులో బండి ఆగింది, సరిగ్గా మిరుగంలోనే. బిలోలి ఆయనకు బండి ఇచ్చేస్తానన్న మాట ఇద్దరి నెత్తి మీదా వేలాడుతోంది. కడ్డీ తీసి చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. నిండుగా ఉండి పైకి ఎందుకు ఎక్కడం లేదు? అప్పుడు బుర్రలో మెరిసింది.

"బావా, నీ ఫ్లష్‌కు కరిగిన మడ్డి అంత బయట పడ్డదా? కరిగీ కరగంది లోపలనే ఉండిపోతె యాడికి పోతది?"

"పాత ఇంజన్లల్ల పొయ్యద్దని కొట్ల ఒకాయన అన్నడు... నేనే ఇనలే" అన్నాడు బావ మెల్లగా. విష్ణుమూర్తి ముఖం ఇంతైంది.

తిట్టే తీరిక నాకు లేదు. కింద ఆయిల్ చాంబర్ విప్పాలి, మా పాత బండికి అది విప్పడం కుదురుతుంది. మళ్లీ బిగించాలంటే కొత్త ప్యాకింగ్ కావాలి, ఫిల్టర్, ఆయిల్ కావాలి. ఆ మాట అంటుండగానే బావ మోటార్ సైకిల్ ఎక్కి దెగ్లూర్ దారి పట్టాడు. అల్లుడి తెల్ల పైజామా, వెనక చిమ్ముతున్న బురద! నేను బస్తా పరుచుకుని బండి కిందికి దూరాను. ఆయిల్ దింపేశాక, నా మీద పడకుండా నాయన గడ్డపార అడ్డం పట్టుకుని, అక్క బోల్టులు కొంగులో పోసుకుని, చాంబర్ దింపాం. ఆయిల్‌ను పీల్చుకునే గొట్టం మూతికి జల్లెడలాంటి జాలీ ఒకటి ఉంటుంది. చూస్తే జాలీయే కనబడలేదు, నల్లటి ముద్ద కనబడింది.

"దొరికిందే!" అని కేక పెట్టాను. తల పైకెత్తి ఠపీమని కొట్టుకున్నాను, నొప్పి కూడా తెలియలేదు.

వేళకు ఆయిల్ మారుస్తూ వచ్చిన ఇంజన్‌కు ఈ కడుగుళ్లు అక్కర్లేదు. ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్నదానికి ఒక్కసారిగా పోస్తే అది ఊడొచ్చి గొంతుకే అడ్డం పడుతుంది. నాకు తెలిసింది ఇంతే, కానీ ఇది నా చేతులతో గీకి తీసి తెలుసుకున్నది. డీజిల్‌తో జాలీని, చాంబర్‌ను తళతళలాడేటట్టు కడిగాను. బావ వచ్చాడు, నెత్తి నుంచి కాళ్ల దాకా బురద. ఇద్దరం మాట్లాడకుండా బిగించాం. ఆయిల్ పోసి తాళం తిప్పాను. ముల్లు కదల్లేదు. అమ్మమ్మా, నా ప్రాణం పోయింది! మరుక్షణం వణికి, లేచి, పచ్చ గీత మీదికి పోయి నిలబడింది. బావ ఎగిరి గంతేశాడు. అక్క ఖాళీ అయిన కొంగు దులిపి చప్పట్లు కొట్టింది. మబ్బు నెత్తిమీదికి వచ్చేలోపు మిగిలిన చేను మొత్తం అయిపోయింది. ఆఖరి చాలు తిప్పుతుంటే మొదటి చినుకు బానెట్ మీద పడి చుయ్‌మంది.

మర్నాడు పొద్దున బిలోలి ఆయన దిగాడు. ఊళ్లో వార్త ఊరికే ఉంటుందా! వాకిట్లో నాయన పక్కన కూర్చుని చాయ్ తాగుతూ అడిగాడు. "నడి చేన్ల ఆగిందట గద? మీరన్న మాట ప్రకారం..."

నేను తలుపు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"బండి ఖరాబ్ కాలే" అన్నాడు నాయన. "కాకముందే నా బిడ్డ బంద్ చేసింది. నడుపు నడుపుమని మొత్తుకున్నోన్ని నేను. నా మాట ఇంటె నిన్ననే ఖరాబయ్యేది."

"అయితే ఇయ్యరా?"

"డ్రైవర్ ఉన్న బండిని అమ్ముకుంటరా ఎవలన్న?"

నాయన నన్ను డ్రైవర్ అనడం అదే మొదటిసారి. నేను అక్కడే గోడ చాటున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.