మైకెన్ వెంట తిరిగిన స్ట్రాబెర్రీలు

మైకెన్ కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. కాఫీ కూడా కిటికీ దగ్గర నిలబడే తాగేది. యాభై నాలుగేళ్లు వచ్చేసరికి పదకొండు ఇళ్లు మారింది. ఏ ఊళ్లోనైనా రెండు చలికాలాలు గడిస్తే చాలు, గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుండేది ఆమెకు. ముసలివాళ్ల ఇళ్లకు కారులో వెళ్లి కట్లు మార్చే నర్సు పని కాబట్టి ఎక్కడికి పోయినా ఉద్యోగం దొరికేది.

ఇల్లు మారిన ప్రతిసారీ అమ్మ పెరటి నుంచి తెచ్చుకున్న కస్తూరి స్ట్రాబెర్రీ మొక్కల్ని కూడా తవ్వుకుని వెళ్లేది. దుకాణంలో దొరికే లావుపాటి పళ్లు కావవి. వేలి కొన అంత పండు, గిన్నెడు ఇంట్లో పెడితే మేడ మీద గది దాకా వాసన. అమ్మ చనిపోయాక ఇల్లు అమ్మేసేటప్పుడు, విరగకాసిన వరుస చూసి మరీ ఏరి తెచ్చుకుంది మైకెన్. ఆ తర్వాత పదహారేళ్లలో ఒక్క పండు తినలేదు. ఏటా పూలు వచ్చేవి. పూసిన పువ్వు పూసినట్టే ఎండి, నల్లటి బొత్తాంలా మిగిలేది.

"ఎలా కాస్తాయే? నాలుగు రోజులు ఒక చోట ఉండనిస్తేగా. మొక్కకైనా మొగుడికైనా నీ దగ్గర వేళ్లూనే టైమేది?" అనేది యార్డ్, ఆమె అక్క, ఫోన్ చేసినప్పుడల్లా.

మైకెన్ నవ్వేసేది. ఫోన్ పెట్టేశాక మాత్రం పెరట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా మొక్కల చుట్టూ మట్టి గుల్ల చేసేది. గడ్డి పరిచింది, బూడిద చల్లింది, ఎరువు మార్చింది, నీడ నుంచి ఎండలోకి మార్చింది. అక్క మాటే నిజమేమోనన్న అనుమానం ముల్లులా దిగబడిపోయింది.

ఆ మే నెలాఖరులో పన్నెండో ఇంటికి ముహూర్తం పెట్టుకునే ఉంది. జూన్ పదిహేనున ఇల్లు ఖాళీ చేయాలి, జులై ఒకటిన కల్మార్ పట్టణంలో కొత్త ఉద్యోగం. అట్టపెట్టెలు వరండాలో పేరుకుంటున్నాయి. అలాంటి రోజుల్లో ఒక ఉదయం హిల్డింగ్ అనే ముసలాయన కాలిపుండుకు కట్టు కట్టడానికి వెళ్లింది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, ఒకప్పుడు జమీందారు తోటలో మాలి. కట్టు విప్పుతూ కిటికీలోంచి చూసింది. గోడ వారగా అవే ఆకులు, అవే పూలు.

"మీకు కాస్తాయా ఇవి?" అంది చేతిలో కత్తెర అలాగే పట్టుకుని.

"ముప్పై ఏళ్లయింది, ఒక్కటీ కాయలేదు. కాయవు కూడా. అన్నీ మగవే."

"ఏంటి, మగవా?"

"కస్తూరి జాతిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. నీకెవరూ చెప్పలేదా అమ్మాయ్? ముందు ఆ కట్టు పూర్తి చెయ్, కాలికి గాలి తగులుతోంది."

కట్టు పూర్తి చేసి పెరట్లోకి పరుగెత్తింది. ఆ పూలు పెద్దవి, బొడ్డు చుట్టూ పసుపు కేసరాలు గుత్తులుగా. తన పూలల్లో ఆ పసుపు లేదని అప్పుడు గుర్తొచ్చింది. అంటే తనవన్నీ ఆడవే. అమ్మ తోటలో కాయని మొక్కలు కూడా ఉండేవి. పనికిరానివని తనే వాటిని వదిలేసి వచ్చింది.

కాఫీ కప్పు నిండా మగ పూలు కోసుకుని ఇంటికొచ్చి, మెత్తని కుంచెతో ఒక్కో పువ్వుకీ పుప్పొడి అద్దింది. మూడు రోజులు అదే పని. వారం తిరిగేసరికి పూల నడుమ బొడిపెలు ఉబ్బాయి. ఇక ఆమెకు కాలు నిలవలేదు. డ్యూటీ మధ్యలో వచ్చి చూసి పోయేది. పక్షులకని వల కప్పేది, ఎండ తగలడం లేదని తీసేది. పదిహేనో తారీఖు దగ్గరకొస్తోంది, కాయలింకా పచ్చిగా ఉన్నాయి. ఇప్పుడు తవ్వితే రాలిపోతాయి.

ఇంటి యజమానురాలికి ఫోన్ చేసింది. "ఇంకో రెండు వారాలు ఉండనిస్తారా?"

"నువ్వేనా మైకెన్ మాట్లాడేది?" అందావిడ. "ఉండు తల్లీ. కొత్తవాళ్లు జులైలో గానీ రారు."

జూన్ ఇరవై ఏడున తొమ్మిది పండాయి. గోడకు ఆనుకుని ఒకటి నోట్లో పెట్టుకుంది. అమ్మ వంటగది మొత్తం ఒక్కసారిగా నోట్లోకి వచ్చింది. సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది, పదహారేళ్ల మీద. నాలుగు పళ్లు హిల్డింగ్‌కు పట్టుకెళ్లింది.

ఆయన కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలాడు. "మావాళ్లు పనికొచ్చారన్నమాట."

"అంటే ఇన్నేళ్లూ నా తిరుగుడు వల్ల కాదు కదండీ?" అంది మైకెన్.

"కాదు. నీ తిరుగుడు వేరే జబ్బు. దానికి నా దగ్గర మందు లేదు."

పెద్దగా నవ్వేసింది. ఆయన మొక్కలు మూడు తవ్వుకోనిచ్చాడు. మర్నాటి నుంచి మళ్లీ సామాను సర్దడం.

మరుసటి వేసవిలో కల్మార్ ఇంటికి అక్క వచ్చింది. మైకెన్ బల్ల మీద గిన్నె పెట్టి, తను నిలబడే ఉంది. యార్డ్ ఒక్కొక్కటే నోట్లో వేసుకుంది. గిన్నె అడుగు కనిపించేదాకా ఆపలేదు.

"ఏం వేశావే వీటికి?" అంది చివరికి.

"మొగుణ్ణి తెచ్చిపెట్టానక్కా," అంది మైకెన్, రెండో గిన్నె కోసం పెరట్లోకి నడుస్తూ.