గోవిందా అన్నా ఆగని జాకీ

రేణిగుంట రోడ్డులో మా షెడ్డుకు వచ్చే డ్రైవర్లు నన్ను వెనకాల ‘స్టాండక్క’ అంటారు. ముందర కూడా అనమనండి, నాకేం సిగ్గు లేదు. జాకీ మీద లేచిన బండి కింద ఇనుప స్టాండ్లు పడితే గానీ మా షెడ్డులో ఎవరి తలా లోపలికి పోదు. తొందరున్నవాళ్లు ఇంకో షెడ్డు చూసుకోవచ్చు, రోడ్డు పొడుగునా ఉన్నాయి. ఈ మొండితనం నేను ఇంట్లోనే, మా నాయనతో పోట్లాడి సంపాదించుకున్నాను.

నాయన కాలంలో షెడ్డులో జాగ్రత్త అంటే ఒక్కటే మాట, గోవిందా. జాకీని ఇరుసు కింద పెట్టేవాడు, రాడ్డుతో కొట్టి బండిని లేపేవాడు, ‘గోవిందా’ అని గోనెపట్ట మీద వెల్లకిలా పడుకుని లోపలికి జారేవాడు. మా ఊళ్లో ఇది ఎవరికీ వింతగా తోచదు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడూ అదే మాట, ఆగిపోయిన బస్సును తోసేటప్పుడూ అదే మాట. అంతా పోయినప్పుడు కూడా అదే అంటాం కదా నాయనా, అన్నానొకసారి. రెండు రోజులు నా చేతి టీ ముట్టలేదు. నాకు భక్తి తక్కువేం కాదు. నేనూ గోవిందా అంటాను, స్టాండ్లు పెట్టాక అంటాను.

ఐటీఐ చదివి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేసి వచ్చాను. జాకీ ఉన్నది లేపడానికే, మోస్తూ నిలబడడానికి కాదని అక్కడ బుర్రలోకి దిగిపోయింది. జాకీ లోపల ఉండేది నూనె. ఆ నూనెను ఆపి పెట్టేది చిన్న రబ్బరు సీలు. దాన్ని నమ్మి అంత బరువు కింద గుండెకాయ పెట్టి పడుకోవడాన్ని ధైర్యం అంటే నేను ఒప్పుకోను. షెడ్డుకు రాగానే స్టాండ్లు చేయించాను. నాయన వాటి మీద టీ గ్లాసులు పెట్టుకున్నాడు.

ఆయుధపూజ వస్తే ఆయనకు జాకీ మీద ఎక్కడలేని ముద్దు. శుభ్రంగా తుడిచి, లోపలి కడ్డీని పూర్తిగా పైకి లేపేవాడు. మెరిసే భాగం అదే కాబట్టి బొట్లు అక్కడే అందంగా ఉంటాయని ఆయన లెక్క. కడ్డీ పొడుగునా పసుపు పూసి, కుంకుమ పెట్టి, మరునాడు ఆ పొడితో సహా కిందికి దించేసేవాడు. ఆ పొడి లోపలికి పోయి సీలును గీరుతుంది. నూనె చెమర్చడం మొదలైతే చేతికందిన బ్రేక్ ఆయిల్ పోసేవాడు. అది రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుందని మొత్తుకున్నాను.

“బొట్టుకు కూడా వంకలు పెడతావా పాపా?” అన్నాడు.

పెడతాను. ఇప్పుడు మా షెడ్డులో బొట్టు జాకీ ఒంటికే పెడతాం. పోసేది జాకీ ఆయిలే. పనయ్యాక కడ్డీ దించి, మట్టి తుడిచి, నిలువుగా ఉంచుతాం. ఇంతకు రావడానికి ఒక చెంబు నలగాల్సి వచ్చింది.

ఆ ఏడు పూజ అయిన వారంలోనే, శ్రీ సిటీకి పనివాళ్లను తీసుకుపోయే వ్యాను ఒకటి వచ్చింది. వెనక చక్రం దగ్గర బ్రేక్ పైపు కారుతోంది. నాయన బండిని లేపి, చక్రం విప్పి, గోనెపట్ట పరిచాడు. నేను వంగి చూస్తే జాకీ కడ్డీ చుట్టూ పసుపు కలిసిన నూనె ఊరుతోంది.

“నాయనా, జాకీ కారతా ఉండాది. స్టాండ్లు పెడతా, ఆగు.”

“షిఫ్టుకు లేటయితే గేటు కాడే నిలబెడతారమ్మా,” అని డ్రైవరు గొణిగాడు.

“ముప్పై ఏండ్లుగా దూరతా ఉండా. నాకేమన్నా అయినాదా? నీ ఫ్యాక్టరీ సట్టాలు ఆడ సెప్పుకో, ఈడ కాదు,” అన్నాడు నాయన.

నేను పోయి గోనెపట్ట మీద నిలబడ్డాను. కోపంతోనే అనుకున్నాను గానీ అది భయం. అమ్మ పోయాక నాకున్నది ఈయన ఒక్కడే.

నాయన నీళ్లు తాగే స్టీలు చెంబు తెచ్చి, ఆయన రొమ్ము వచ్చే చోట ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టాను. చెంబు మూతికీ ఇరుసుకూ మధ్య రెండు వేళ్ల సందు.

“పోయి టీ తాగి రాండి. వచ్చేసరికి సెంబు బాగుంటే నువ్వు దూరు. మళ్లీ నోరెత్తను.”

డ్రైవరు ముందర తగ్గలేక ఒప్పుకున్నాడు. ఎదురుగా టీ బంకులో వాళ్లిద్దరూ తాగుతున్నంతసేపూ బండి దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా కాపలా ఉన్నాను. చప్పుడు లేదు. దిగుతున్నట్టు కంటికి కనపడనే లేదు. రెండు వేళ్ల సందు ఒక వేలయింది, తర్వాత కాగితమంత అయింది, ఆపైన ఒక చోట అంచు వంగింది. వాళ్లు రోడ్డు దాటి వచ్చేసరికి చెంబు మూతి మూసుకుపోయింది. దాని మీద ఇరుసు కూర్చుని ఉంది.

నాయన గొంతుక్కూర్చుని చూశాడు. చెయ్యి దానంతటదే రొమ్ము మీదికి పోయింది. ‘చూశావా’ అనాలని నా నోటిదాకా వచ్చింది, అబద్ధమెందుకు. మింగేశాను.

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. వ్యానులో ఉన్న జాకీని గట్టి నేల మీద నిలిపి బండిని మళ్లీ లేపాను. ఇరుసు కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాను. భుజంతో గట్టిగా నెట్టి చూశాను. కదల్లేదు. నాయన గోనెపట్ట మీద కూర్చున్నాడు గానీ వెల్లకిలా వాలలేదు.

“ఇంకేం అప్పా, దూరు. టైమయిపోతా ఉండాది,” అన్నాడు డ్రైవరు.

“కూర్సో అబ్బా,” అన్నాడు నాయన. “నా కూతురు సెప్పినాకే నేను దూరేది.”

“దూరు నాయనా,” అన్నాను. ఆయన వాలేలోపు స్టాండ్లను ఇంకోసారి నెట్టి చూశాను. ఆ తర్వాతే గోవిందా అన్నాను.