బైండింగ్ అయ్యాక మారిన చివరి పేజీ

రిపోర్టు దిద్దడానికి నాకొక వరుస ఉండేది: ముందు స్పెల్లింగు, తర్వాత పటాల నంబర్లు, యూనిట్లు, చివరికి మార్జిన్లు. ఎన్నిసార్లు అలా తిరగేసినా మనసు కుదుటపడలేదు. ఏదో మిగిలిపోయిందనిపించేది. ఏమిటో దొరికేది కాదు.

నల్లగొండలో ఇంజనీరింగ్ చివరి ఏడాది అది. మా ఊరి బోరు నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే చిన్న ఫిల్టర్ మా ప్రాజెక్టు. తయారుచేసిన ఫిల్టర్ మా ఇంట్లోనే ఉంది. ప్రాజెక్టు చూసే సార్ సంతకానికి ముందే బైండింగ్ చేయించడం మా కాలేజీలో ఆనవాయితీ. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు చూశాక ఎవరూ తప్పులు పట్టరని సీనియర్ల నమ్మకం. మేమూ చేయించాం. ఒక కాపీ పంచాయతీకి ఇద్దామని ఊరికి తీసుకెళ్లాను.

మంచం మీద కూర్చున్న అవ్వ అట్టను వేళ్లతో తడిమింది. ఆమె మోకాళ్లను ఆ ఫ్లోరైడ్ నీళ్లే ఎప్పుడో బిగించేశాయి.

"గిండ్ల ఏం రాసినవ్ బిడ్డా?"

చివరి పేజీలోని ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చెప్పాను. "మా ఫిల్టర్ నీళ్లు తాగొచ్చని, అవ్వా."

"అయితే రేపటిసంది గవే తాగుత. కొనే డబ్బా నీళ్లు బంద్ పెట్టనా?"

మేం పరీక్షించింది ఒక్క బోరు, అదీ వానాకాలంలో. వేసవిలో నీరు లోతుకు దిగితే ఫ్లోరైడ్ ఎంతుంటుందో మాకు తెలియదు.

"జర ఆగవ్వా."

"ఆగుడేంది? రాసింది నువ్వే గదా!"

ఆ కాపీ పట్టుకుని వెంటనే నల్లగొండ బస్సెక్కాను. కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడి, ప్రాజెక్టులో నా జోడీకి ఫోన్ చేశాను. చివరి పేజీ మార్చాలి, మిగతా కాపీలు బైండింగ్ దుకాణానికి తెమ్మన్నాను.

"పిచ్చి లేసిందారా? రేపు పొద్దుగాల్నే సంతకాలు. ఆఖరి పేజీ ఎవడు సదువుతడు?"

"మా అవ్వ."

"ఆమెకు ఇంగ్లీష్ వస్తదా?"

"నేను చెప్పిన. నమ్మింది."

"కానియ్ తియ్, తెస్త," అన్నాడు వాడు.

బైండింగ్ దుకాణం ముందు నిలబడి కొత్త వాక్యాన్ని ఫోన్‌లో రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. ప్రతిసారీ తెలుగులో పైకి చదువుకున్నాను: వానాకాలంలో ఒక్క బోరు నీళ్లకే పనిచేసింది, వేసవిలో పరీక్షించే దాకా తాగడానికి వాడొద్దు. దుకాణాయన ప్రతి కాపీలో పాత పేజీని బ్లేడుతో కోసి, కొత్తది అంటించాడు.

"బంగారు అక్షరాలేసినంక గిట్ల కోయించుకునేటోన్ని నిన్నే చూస్తున్న తమ్మీ."

"ఫెయిలైనట్టు రాసుకున్నవేందయ్యా?" అన్నారు మర్నాడు సార్, ఆ పేజీ చదివి. అయినా సంతకం పెట్టారు.

ఆదివారం అవ్వకు కొత్త వాక్యం చెప్పాను.

"గా ముక్క ముందే రాయకపోయినవా?" అంటూ చెంబు నా చేతికిచ్చింది. డబ్బా వంచి నీళ్లు పోశాను.